మీ అబ్బాయి పాత హెల్మెట్లు

మాదాపూర్,
దసరా మర్నాడు, 2011.

పూజ్యులైన అత్తమ్మకు,

మీ కోడలు రసజ్ఞ నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేనూ, మీ అబ్బాయి మహేందరూ, బాల్కనీలో పావురమూ, దాని పిల్లలూ అందరం క్షేమం. మీరూ మామయ్యగారూ కూడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. "అత్తయ్యగారూ అంటె ఎవల్నో పిలిచినట్టుంటది, అత్తమ్మ అను" అని మీరు రాసినప్పటి నుంచి ఆ పిలుపు అద్దం ముందు నిలబడి సాధన చేస్తున్నాను. ఇప్పుడు బాగానే వస్తోంది.

ఒక్క మనవి. కవర్లో ఒక ఫొటో ఉంది. ఉత్తరం మొత్తం చదివే దాకా దాన్ని చూడకండి. ఇప్పటికే చూసేసి ఉంటే, వాడకట్టులో ఎవరికీ చూపించకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు. ఫోన్లో అయితే "ఆఁ, మంచిదే బిడ్డా, పైసలైతయి, పెడుతున్న" అని పెట్టేస్తారు. ఉత్తరంలో మాత్రం మీ అంగన్‌వాడీ పిల్లల్ని అడిగినట్టు ఒకదాని మీద ఒకటి అడుగుతారు. నాకు ఉత్తరమే ఇష్టం.

ఆంధ్ర పిల్లనని ఆఫీసులో నన్నెవరైనా ఏమైనా అంటున్నారా అని అడిగారు. ఎవరూ ఏమీ అనడం లేదు. క్యాంటీన్‌లో వాదనలు మాత్రం రోజూ ఉన్నాయి. ఒకే బల్లకు అటు కొందరు, ఇటు కొందరు కూర్చుని గొంతులు చించుకుంటారు. టీ రాగానే అందరూ తాగుతారు. ఇంట్లో నేనూ మీ అబ్బాయీ కంచాల ముందు ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం సంగతి ఎత్తకూడదని ఒప్పందం చేసుకున్నాం. అందుకని పప్పులో చింతపండు ఎంత వేయాలన్న దాని మీద పోట్లాడుకుంటున్నాం. మా అమ్మ ఫోన్ చేసి "గొడవలు తగ్గేదాకా ఇంటికొచ్చెయ్యవే" అంటుంది. నా ఇల్లు ఇదే కదమ్మా అంటే, కూర ఏం వండావని అడుగుతుంది.

ఈ సకల జనుల సమ్మెలో ఆఫీసుకు ఎలా పోతున్నావన్నారు. ఆర్టీసీ బస్సు ఎలా ఉంటుందో మరచిపోయాం. మీ అబ్బాయి బండి మీదే వెళ్తున్నాను, ఇద్దరం హెల్మెట్లు పెట్టుకునే. మీరు పెట్టిన ఒట్టు ప్రకారం హైవే ఎక్కడం లేదు. బస్సుల్లేక, రైళ్ళు ఎప్పుడాగుతాయో తెలియక, బండి మీద రావద్దన్న మీ ఒట్టు దాటలేక పండక్కి జనగామ రాలేకపోయాం. మీరు ఆ రోజంతా గుమ్మం వైపు చూశారని మామయ్యగారు చెప్పారు. నాకు చాలా కష్టంగా అనిపించింది.

ఇక అసలు ప్రశ్న. "వాని పాత హెల్మెట్లు పారేసినవా లేదా?"

మొన్న సద్దుల బతుకమ్మ దాకా లేదత్తమ్మా. ఏం చెప్పమంటారు! ఒంటి మీద ఉన్నది ఒక్క తల, బాల్కనీ నిండా హెల్మెట్లు. ఒకటి పారేద్దామని చేతిలోకి తీసుకుంటే చాలు, "అది నా ఫస్ట్ ఇంటర్వ్యూకు పెట్టుకొని పోయిన" అంటాడు. ఇంకోటి తీస్తే కాలేజీ నాటిదట. దాని అద్దం గీతలు పడి పడి పాల కవర్లా తయారైంది. పోనీ పనికొచ్చేలా చేద్దామని నేనూ ప్రయత్నించాను. ఒకదాన్ని బోర్లా తిప్పి మట్టి పోసి కొత్తిమీర చల్లాను. గాలి కోసం పెట్టిన బెజ్జాల్లోంచి నీళ్ళు కారి కింది పోర్షన్ సుబ్బరాయుడు గారు ఎండబెట్టుకున్న వడియాల మీద పడ్డాయి. ఆయన పైకొచ్చి, "అమ్మాయ్, మీ కొత్తిమీర మా ఇంట్లో మొలకెత్తేలా ఉందండి" అన్నారు. ఇంకోదాంట్లో ఉల్లిపాయలు పోస్తే వారానికల్లా ఉల్లిపాయలకి చెమట వాసన పట్టింది. మరోదాంట్లో పావురం గుడ్లు పెట్టేసింది. దాన్ని కదపడానికి లేదు.

మా వాచ్‌మన్ యాదయ్య ఒకరోజు వచ్చి, "జీడిమెట్లకు తమ్ముని బండి మీద పోవాలె, సారుది పాత హెల్మెట్ ఒకటి ఇయ్యరాదమ్మా" అన్నాడు. పీడ ఒకటి వదిలిందని సంతోషంగా ఇచ్చేశాను. సాయంత్రం మీ అబ్బాయికి తెలిసి మెట్లు దిగి పరుగెత్తాడు. "దాని లోపలి థర్మాకోల్ పలుకులు పలుకులైంది. పడితె పెంకు కూడ ఆగది. మనం పెట్టుకోనిది ఆయనకెట్ల ఇస్తం?" అని తన మంచి హెల్మెట్ యాదయ్య చేతిలో పెట్టి, పాతది వెనక్కి తెచ్చి, కొత్తది కొనుక్కున్నాడు. దాంతో నా బాల్కనీలో ఒక్కటంటే ఒక్కటి తగ్గలేదు.

"పగిలిన దాన్నయితె అస్సలు ఉంచకు, పడ్డ సామాను ఇంట్ల అచ్చిరాదు" అని కింద గీత గీసి మరీ రాశారు. అది జూలై వానలో కొత్తగూడ దగ్గర బండి జారినప్పటిది. మీ అబ్బాయి తలకు తగలాల్సిన దెబ్బంతా అదే తింది. ఆ రోజు మీరు ఫోన్ చేసి, పెళ్ళయ్యాక మొదటిసారి నాతో మాట్లాడారు. "వాడు తిన్నడా? నువ్వు తిన్నవా?" అన్నారు. ఆ రెండో మాటకు నేను దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ సంగతి మీకెప్పుడూ చెప్పలేదు. దాన్ని పారేయడానికి మీ అబ్బాయికే కాదు, నాకూ చేతులు రాలేదు. అందుకే చెప్పుల స్టాండు మీద ఉంచాను.

ఇప్పుడు పండగ సంగతి. ఇంతవరకూ దీని చుట్టూ తిరుగుతున్నానని మీకు అర్థమయ్యే ఉంటుంది.

"ఈ యాడాది నీ చేతితోని బతుకమ్మను పేర్చి చెరువుల ఏసినవని తెలిస్తె, నేనే నీ ఇంటికొస్త" అని మీరు రాశారు. పెళ్ళయి ఏడాది కావస్తోంది, మీరు మా గుమ్మం తొక్కలేదు. నేనడిగినప్పుడల్లా మోకాళ్ళంటారు, అంగన్‌వాడీ అంటారు. మన పద్ధతులు తెలియని పిల్ల ఇంట్లో మీకేం తోస్తుందన్న బాధ లోపల ఉందని నాకు తెలుసు. అందుకే ఆ మాట చదివి ఎగిరి గంతేశాను.

యాదయ్య భార్య ఈరమ్మ మా ఆఫీసులోనే హౌస్‌కీపింగ్ చేస్తుంది. సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నే ఖాళీ ప్లాట్లలోంచి తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చి నా ముందు పోసింది. "నేను పేర్చిస్తనమ్మా" అంది. అబ్బే, మా అత్తమ్మ నా చేత్తోనే అన్నారని పంపేశాను. కనీసం ఎలాగో చూపించమని అడగొచ్చు కదా? అడగలేదు. ఆంధ్ర పిల్లకు రాదనుకుంటారని నామోషీ.

తాంబాలంలో గుమ్మడాకు పరిచి, పూలు వరసగా పేర్చడం మొదలెట్టాను. రెండు వరసలు లేవగానే మూడోది లోపలికి కూలిపోయేది. నడుమ ఆకులూ కాడలూ తుంచి నింపుతూ రావాలని నాకెవరు చెప్పారు? మీ అబ్బాయిని అడిగితే, "నాకేం తెలుసు, చిన్నప్పుడు నేను పూలు తెచ్చేటోన్ని, అమ్మ పేర్చేది" అని గునుగు పూలకు అద్దే రంగు తేవడానికి బజారుకు పోయాడు. మధ్యాహ్నం దాటింది. కింద డప్పులు మొదలయ్యాయి. పూలు నలిగిపోతున్నాయి, నాకు ఏడుపొస్తోంది. అప్పుడు చెప్పుల స్టాండు వైపు చూశాను.

అవునత్తమ్మా. అదే. ఆ పగిలిన హెల్మెట్టే.

శుభ్రంగా కడిగాను, పసుపు రాశాను. అయినా హెల్మెట్ హెల్మెట్టే కదా. తాంబాలంలో పెట్టి, దారం చుట్టి, ఆ దారంలో కాడలు దోపుతూ పైదాకా పేర్చి పసుపు ముద్ద గౌరమ్మను కూర్చోబెట్టాను. మీ అబ్బాయి వచ్చి చూసి, "అరె, అమ్మ పేర్చినట్టే ఉన్నది!" అని ఫొటో తీశాడు. నేను ఇంకో నాలుగు పూలతో సందులు కప్పేశాను. ఈరమ్మ ఎత్తి చూసి, "ఏందమ్మా, గింత బరువున్నది?" అంటే, పూలు ఎక్కువయ్యాయన్నాను.

దుర్గం చెరువు దగ్గర ఆడి పాడి, నిమజ్జనం వేళకు పూలు మాత్రం నీళ్ళలోకి వదిలి హెల్మెట్‌ను సంచిలో వేసుకోవాలని నా ఎత్తు. కానీ ఈరమ్మ, "నువ్వు జారుతవు, ఆగు" అని నా చేతిలో తాంబాలం అందుకుని, దాని మీది బతుకమ్మను నీళ్ళలోకి ఒక్క తోపు తోసింది. పూలన్నీ చెదిరిపోయాయి. హెల్మెట్ మాత్రం పసుపు మొహంతో ఒడ్డు వైపు తిరిగి నిలబడి తేలింది.

"ఓయమ్మో, ఎవలో మునుగుతున్నరు! తలకాయ కానొస్తున్నది!" అని ఒకావిడ కేక పెట్టింది. డప్పులు ఆగిపోయాయి. ఒక కానిస్టేబుల్ బూట్లతోనే నీళ్ళలోకి దిగాడు. ఈత రాని మీ అబ్బాయి కూడా చెప్పులు విప్పేశాడు. ఇక దాచి లాభం లేక, "ఆగండి ఆగండి! అది మనిషి కాదండీ, మా ఆయన హెల్మెటండీ!" అని అరిచాను. ఆ "అండీ"లతో నేను ఎక్కడిదాన్నో చెరువంతటికీ తెలిసిపోయింది.

కానిస్టేబుల్ దాన్ని పట్టుకుని, ఎందుకైనా మంచిదని లోపలికి తొంగి చూసి మరీ ఒడ్డుకు తెచ్చాడు. కేక పెట్టినావిడ నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏందమ్మా, గౌరమ్మకు గూడ చలాన్ రాస్తరనుకున్నవా?" అంది. అంతే, ఆడవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఈరమ్మ నా పక్కకొచ్చి, "నవ్వింది చాలుగని, ఈమె మా కోడలు. మొగని తలకాయ కాపాడిన దాని మీద గౌరమ్మను కూసోబెట్టింది. తప్పేమున్నది?" అంది. మీ అబ్బాయి ఆ పగులు చూసి గుర్తుపట్టాడు. చొక్కాతో తుడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక, "ఫొటో ఒక్కటి పంపు, ఊకో. అమ్మ చూసిందంటె రేపే రైలెక్కుతది. లోపల ఏమున్నదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. మీరు రావాలని నాకెంతగా ఉందంటే, అలాగే ఫొటో పెట్టి కవర్ అంటించేశాను కూడా. మళ్ళీ చింపాను. మీరొచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఫొటో చూసి మెచ్చుకుంటూ అన్నం తింటుంటే నాకు ముద్ద దిగదు.

తల కాపాడింది ఒక్కటి చాలని, ఆ మర్నాడే పాతవాటి పట్టీలన్నీ మీ అబ్బాయి తనే కోసేసి, మళ్ళీ ఎవరూ తల మీద పెట్టుకోకుండా, పాత సామాను కొనే కబాడీవాడికి ఇచ్చేశాడు. పావురానిది మాత్రం పిల్లలు ఎగిరే దాకా ఉంచాం. పగిలినది గ్రిల్‌కు ఆరుతోంది. గౌరమ్మను మోసింది, పారేయొద్దని ఈరమ్మ అంటుంది. ఉంచొద్దని మీరంటారు. ఆ తగవు మీరే తీర్చాలి. జనగామలో రైలెక్కితే సికింద్రాబాద్‌లో మీ అబ్బాయి ఉంటాడు, అక్కణ్ణుంచి ఎంఎంటీఎస్‌లో హైటెక్ సిటీకి తీసుకొస్తాడు. బండి ఎక్కించడు, నాదీ పూచీ.

మీరు పెట్టిన షరతులో నేను నెగ్గలేదు. పూలు పేర్చింది నేనే గానీ, వాటిని నిలబెట్టింది ఆ హెల్మెట్. కాబట్టి మీరు రానంటే మాట తప్పినట్టు కాదు. అయినా అడుగుతున్నాను. పండగ అయిపోయినా ఖాళీ జాగాల్లో గునుగు ఇంకా ఉంది. నాకు పేర్చడం రాదత్తమ్మా. వచ్చి నేర్పండి.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తున్న మీ కోడలు,
రసజ్ఞ