ముంగిస అడిగిన మాఫీ

జూన్ 30, సోమవారం

పార్ట్ టూ నాకే ఇచ్చారు. మొత్తం.

ఆ బొమ్మల సినిమా తెలుగు డబ్బింగ్‌లో పార్ట్ వన్‌కి నేను టైపింగ్ చేశాను, ఆర్టిస్టులకు ఫోన్లు చేశాను, ఒకచోట కాకి దగ్గింది నేనే. ఈసారి తెలుగు మాటలన్నీ నావి. సినిమా చివర్లో పేరు కూడా వేయిస్తానన్నారు డబ్బింగ్ డైరెక్టర్ ప్రసన్నకుమార్ సార్. మాటలు: శ్రీకళ. ఆయన అలా అంటుంటే తలూపి, బాత్రూంలోకి వెళ్లి ఐదు నిమిషాలు ఊరికే నిలబడి వచ్చాను.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే, ఈసారన్న మనుషులుంటరా సినిమాల అని అడిగింది. లేరు. మళ్లీ ఆ జంతువులే. ముంగిస, కాకి, ఎలుగుబంటి. పోయిన సినిమాలో ఊరంతా దోచుకుని చివరికి జైలుకు పోయారు. ఈసారి బయటికొచ్చి మంచిగా బతుకుదామని చూస్తారు. ఎవరూ నమ్మరు. ఎవరూ ఒకపట్టాన పనివ్వరు. అంతే కథ, మిగతాదంతా పరుగులు.

జూలై 1, మంగళవారం

ఎలుగుబంటికి తేనె దుకాణంలో సెక్యూరిటీ ఉద్యోగం దొరికే సీన్‌కు మాటలు రాశాను. నాయిన కూడా ఎల్బీ నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి సెక్యూరిటీయే కదా అని చదివి వినిపించాను. నవ్వుతాడనుకున్నాను. డ్యూటీ ఎనిమిది గంటలా పన్నెండా అని అడిగాడు.

జూలై 3, గురువారం

ఈ రోజు నా పరువు పోయింది.

ముంగిసకు గొంతిచ్చేది కృష్ణన్న. సూర్యాపేట దిక్కు మనిషి, నలభై ఏళ్లుంటాయి, అందరికీ అన్నే. మైక్ ముందు నిలబడి నా మొదటి పేజీ చదివాడు. నేను ఇకపై నిజాయితీగా జీవించాలని నిర్ణయించుకున్నాను. ఆగాడు. హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకున్నాడు. చెల్లె, వీళ్లు జైల్ల ఏమన్న డిగ్రీ చేసిండ్రా అని అడిగాడు.

అద్దం అవతల సార్ కూడా నవ్వారు. నవ్వి, పార్ట్ వన్‌లో ఈ ముగ్గురూ మీ యాసే మాట్లాడారు కదమ్మా, ఎవరు మార్చమన్నారు నిన్ను అన్నారు. సార్‌ది భీమవరం. ఆయన మీ యాస అన్నప్పుడు అందులో వెక్కిరింపు ఉండదు, మీ ఇల్లు అన్నట్టు అంటారు.

ఎవరూ మార్చమనలేదు. దొంగలుగా ఉన్నప్పుడు వాళ్లు మా ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడారు. మంచివాళ్లయ్యారు కాబట్టి పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాలని నాకే అనిపించింది. ఆలోచించి చేసింది కూడా కాదు, చెయ్యి అటు పోయింది. నేను మాత్రం తక్కువా. స్టూడియో మూడో అంతస్తులో ఉంటే, రెండో అంతస్తు మెట్ల దగ్గరే నా ఏందిని ఏంటి చేసుకుంటాను. కింద కోచింగ్ సెంటర్ పిల్లలు ఏందిరా ఏందిరా అని అరుచుకుంటూనే ఉంటారు.

జూలై 4, శుక్రవారం

అంతా తిరగరాస్తున్నాను. ఆగకుండా వస్తోంది. అమ్మ తిట్లన్నీ కాకికి ఇచ్చేశాను.

జూలై 5, శనివారం. మధ్యాహ్నం

ఒక్క సీన్ దగ్గర ఆగిపోయాం. సినిమా చివర, ముంగిస ఊరందరి ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటుంది. మేయర్ హంస ఎదురుగా ఉంటుంది. బడి యూనిఫాంలో ముంగిస కూతురు కూడా ఆ గుంపులోనే ఉంటుంది, కూతురు తనను చూడలేదని ముంగిస అనుకుంటుంది. పదకొండు సెకన్లు. నోరు తెరిచి ఉన్నంతసేపే మాట ఉండాలి.

ఆ ఒక్క సీన్ మాత్రం నీట్‌గా రాయమన్నారు సార్. పార్ట్ వన్ చూసినవాళ్లు ఫోన్లు చేసి చెప్పారట, ఆ యాస వినగానే పిల్లలు పడిపడి నవ్వారని. ఇప్పుడు ముంగిస నోరు తెరిస్తే చాలు నవ్వుతారట. ఏడవాల్సిన చోట హాలు నవ్విందంటే సినిమా పోయినట్టే అన్నారు.

ఆయన తప్పేమీ అనలేదు. అయినా లోపల ఎక్కడో గుచ్చుకుంది. మా అమ్మ మాట్లాడినా నవ్వుతారా మరి?

కృష్ణన్న అందుకున్నాడు. గంటన్నర దాక ఒకడు మాట్లాడి, గా సీన్ల ఇంకొకడు మాట్లాడ్తడా సార్, మాఫీ అడగనీకె మనిషిని కిరాయికి తెచ్చుకున్నట్టుంటది అన్నాడు.

సార్ చాలాసేపు పెన్ను క్యాప్ తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి ఇలా తేల్చారు. రెండు రకాలూ రాసుకుని రావాలి. సోమవారం రికార్డింగ్. మా భాషలో తీసేటప్పుడు గదిలో ఒక్కరు నవ్వినా రెండోదే పెడతారు.

జూలై 6, ఆదివారం. పొద్దున

తొమ్మిది రకాలు రాశాను. ఒకటి భజనలా ఉంది. ఒకటి గల్లీ లీడర్ స్పీచ్‌లా ఉంది. మిగతావన్నీ వినగానే నాకే నవ్వొస్తోంది.

అమ్మను అడిగాను, మనింట్ల తప్పు జేస్తే ఏమంటమే అని. ఏమంటం, ఏమనం అంది. నిజమే. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ సారీ చెప్పగా నేను వినలేదు. తప్పు చేసినవాళ్లు చాయ్ పెట్టి తెచ్చిస్తారు, అంతే. ముంగిస ఊరందరికీ చాయ్ పెట్టలేదు కదా.

సాయంత్రం

నాయిన డ్యూటీ నుంచి వచ్చి బయట కాళ్లు కడుక్కుంటుంటే అదే అడిగాను. ఒకడు తప్పు జేసిండు, నలుగురి ముందట నిలబడ్డడు, ఏమంటడు అని. నాయిన చాలాసేపు అవే కాళ్లు కడిగాడు. తర్వాత చెప్పాడు.

పండ్ల మార్కెట్ ఇంకా గడ్డిఅన్నారంలోనే ఉన్న రోజులు. నాయిన సత్తయ్య సేఠ్ దగ్గర హమాలీ. నాకు ఏడేళ్లు, కామెర్లు. దవాఖానలో బత్తాయి రసం పట్టమన్నారట. నాయిన పొద్దంతా మోసేది బత్తాయిలే. ఆ రోజు పని దిగేటప్పుడు కుప్పలోంచి ఒక డజను తువ్వాలలో మూటకట్టుకుని వచ్చాడు. తెల్లారి సేఠ్ ముందర నిలబడి ఇట్లా చెప్పాడట.

నేనే తీసిన సేఠ్. అడిగితె ఇస్తుంటివేమో. అడగనీకె నోరు రాలే, తీసుకోనీకె చెయ్యొచ్చింది. పనికి వద్దంటె పోత. గని దొంగ అని నా బిడ్డ ఇనేటట్టు మాత్రం అనకు.

ఇది చెప్పేటప్పుడు నాయిన నా వైపు చూడలేదు. ఎదురుగా ఎవరో ఉన్నట్టు గోడకు చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. చివర, మీ అమ్మకు తెల్వది, తెల్వనియ్యకు అన్నాడు.

నాకు ఏడుపు రావాలి కదా. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు లోపలికి పరిగెత్తి, మరిచిపోకముందే ఆ మాటలు రాసుకున్నాను.

జూలై 7, సోమవారం

సేఠ్ అన్న పిలుపు తీసేసి, అనకు అన్నదాన్ని అనకున్రి చేసి, పనికి వద్దంటె పోత అన్నచోట జైల్ల పెట్టున్రి అని పెట్టాను. పదకొండు సెకన్లకు అచ్చంగా సరిపోయింది.

మొదటి టేక్‌లో కింద గల్లీలోంచి బోనాల మైక్ కలిసింది. అది ఆగేదాకా కృష్ణన్న కళ్లు మూసుకుని అక్కడే నిలబడ్డాడు. రెండో టేక్ ఓకే. గదిలో నలుగురం. ఎవరూ నవ్వలేదు. సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని, ఎక్కడిదమ్మా ఇది అని అడిగారు.

నేనే రాశాను సార్ అన్నాను.

జూలై 8, మంగళవారం

ఎంత తొందరగా వచ్చింది ఆ మాట నా నోటికి.

జూలై 20, ఆదివారం

నాయిన అపార్ట్‌మెంట్‌లో అందరికీ చెప్పేశాడు. మా బిడ్డ సినిమాకు మాటలు రాసిందని. ఐదో అంతస్తు మేడమ్ ఏ హీరో అని అడిగితే, ముంగిస అన్నాడట.

అమ్మను, నాయినను తీసుకుని నేనే సినిమాకు వెళ్లాలి. వెళ్తే ఆ సీన్ వస్తుంది. పక్కన అమ్మ ఉంటుంది. బత్తాయిల ముచ్చట అందులో లేదు, నిజమే. కానీ ముప్పై ఏళ్లుగా నాయిన ఎట్ల మాట్లాడతాడో అమ్మకు తెలియదా? అమ్మ గుర్తుపట్టకపోయినా నాయిన గుర్తుపడతాడు. చీకట్లో కూర్చుని, తన బిడ్డే తన మూట విప్పి ఊరందరికీ చూపించిందని తెలుసుకుంటాడు.

ఆగస్టు 8, శుక్రవారం

రిలీజ్. పొద్దున నుంచి కృష్ణన్న ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ఏ హాల్లో ఎంతమంది ఉన్నారో చెప్తూ.

ఆరు గంటలకు మెట్రో దిగి నేరుగా నాయిన గేటు దగ్గరికి పోయాను. తన ప్లాస్టిక్ కుర్చీ నాకిచ్చి తను నిలబడ్డాడు. కూర్చోలేదు నేను. చెప్పేశాను. ముంగిస చివరకు చెప్పేది నీ మాటలే నాయినా, నిన్ను అడగకుండ తీసుకున్న, సార్ అడిగితే నేనే రాసిన అని చెప్పిన.

అప్పుడే ఒక కారొచ్చింది. నాయిన గేటు తీశాడు, సలాం కొట్టాడు, గేటు వేశాడు. వచ్చి, ఏ మాటలు అన్నాడు. నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. కొత్తగా వింటున్నట్టు విన్నాడు.

గవి నేను అన్లే బిడ్డా అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మెల్లగా చెప్పాడు. తెల్లారి సేఠ్ ముందర నిలబడ్డ మాట నిజమే. నిలబడ్డాడు, అంతే. నోరు రాలేదు. సేఠ్ ఆయన మొఖం చూసి, ఏందిరా గోపయ్యా, పానం మంచిగ లేదా, పోయి చాయ్ తాగి బస్తాలు దించు అన్నాడట. పోయి దించాడు. ఆ మాటలన్నీ తర్వాత కూడబెట్టుకున్నవి. మార్కెట్‌కు పోయేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి. రేపు చెప్త, రేపు చెప్త అనుకుంటూ పదమూడేండ్లు, మార్కెట్‌ను ఇక్కడి నుంచి ఎత్తేసేదాక. మొన్న నువ్వు అడిగినవని, చెప్పినట్టే చెప్పిన, అది అబద్ధం అన్నాడు.

ఇద్దరం గేటు పట్టుకుని నిలబడ్డాం. రోడ్డు మీద నల్లగొండ బస్సులు హారన్ కొడుతూ పోతున్నాయి.

కొంచెం సేపటికి, ముంగిస మంచిగ చెప్పిండా అని అడిగాడు.

మంచిగ చెప్పిండు అన్నాను.

అయితె ఆదివారం లీవ్ అడుగుత అన్నాడు.

ఆగస్టు 10, ఆదివారం

దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాట్నీ. ముగ్గురం. ముక్కాలు హాలు పిల్లలే.

అమ్మ మొదటి నుంచి నవ్వుతూనే ఉంది. కాకి తిట్టినప్పుడల్లా, గిది నా మాట గాదా అని నా తొడ మీద కొట్టింది. ఎలుగుబంటి తేనె దుకాణం ముందు నిలబడి నిద్రపోయే సీన్‌కు నాయిన ఒక్కడే నవ్వలేదు. పన్నెండు గంటలంటె అంతే మరి అన్నాడు.

ఆ సీన్ వచ్చింది. నేను తెర వైపు చూడలేదు, హాలు వైపు చూశాను. ముంగిస నేనే తీసిన అనగానే ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు పిల్లలు నవ్వారు, అలవాటుగా. అడగనీకె నోరు రాలే దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయారు. దొంగ అని నా బిడ్డ ఇనేటట్టు మాత్రం అనకున్రి. హాల్లో ఏసీ చప్పుడు వినపడింది.

అప్పుడు అమ్మ, ఇంట్లో మాట్లాడినంత గట్టిగా, పాపం నిజం జెప్పిండు గదా, ఇడిసిపెట్టున్రి అంది.

వెనక వరుసలో ఎవరో, అవునమ్మా ఇడిసిపెట్టాలె అన్నారు. కొందరు నవ్వారు. అది వేరే నవ్వు.

నాయిన పాప్‌కార్న్ డబ్బా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. నా పేరు వచ్చినప్పుడు అమ్మకు చదువు రాదు కాబట్టి వేలితో చూపించాను. నాయిన లేచి నిలబడ్డాడు. లైట్లు వేసేదాకా అట్లనే ఉన్నాడు.

ఆగస్టు 11, సోమవారం

సార్‌కు చెప్పాను, ఆ పదకొండు సెకన్లు నావి కావని, మా నాయినవని. ఆయన పేరు గోపయ్య అని కూడా చెప్పాను. సాయంత్రం వెళ్లేటప్పుడు సార్, మీ నాన్నగారిని ఒకసారి తీసుకురా అన్నారు.

ఆగస్టు 12, మంగళవారం

నాయిన పొద్దున్నే ఇస్త్రీ అంగీ తొడుక్కుని ఒక్కడే కొత్తపేటకు పోయాడు. సత్తయ్య సేఠ్ ఇప్పుడు కొడుకింట్లో ఉంటున్నాడు. చెవులు సరిగా వినపడవట. నాయిన రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి గట్టిగా, కోడలు కూడా బయటికి వచ్చి వినేటంత.

సేఠ్‌కు ఏదీ యాదికి లేదు. అంతా విని ఒక్కటే అడిగాడట, కాయలు తియ్యగుండెనా అని.

నాయినకు తెలియదు. ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు. ఇంటికొచ్చి నన్ను అడిగాడు. కామెర్లప్పుడు నా నోటికి అన్నీ చేదే.

తియ్యగుండె అన్నాను.

నాయిన ఫోన్ తీసి సేఠ్‌కు చేశాడు. తియ్యగుండెనట సేఠ్, తియ్యగుండెనట అని అరుస్తున్నాడు.

ఏందయ్యా తియ్యగుండేది అని అమ్మ లోపలి నుంచి అడుగుతోంది.