కూబర్ పీడీలో ఒక చుక్క

మే 9, మంగళవారం

మా సైట్‌ని ఉంచే కంపెనీ నుంచి మెయిల్. ప్లాన్ మార్చారట. ఇకమీదట సైట్‌కి ఎవరొస్తున్నారో, ఏ ఊరినుంచో, ఏ పేజీ చదువుతున్నారో ఉచితంగా చూపిస్తారట. మేం అడగలేదు. పోయిన నెలనుంచే దానంతటదే ఆన్ అయి కూర్చుంది.

నా భార్య నోలీన్ ఈతకెళ్ళింది. వచ్చేదాకా ఆగాల్సింది. ఆగలేదు. నొక్కాను.

ఆస్ట్రేలియా మ్యాపు, దానిమీద చుక్కలు. నిజం చెప్పాలంటే సంబరపడ్డాను. ఉద్యోగమంతా పోస్టల్ పార్సిళ్ళ తనిఖీలో గడిపి, రిటైరయ్యాక, ఇంటర్నెట్‌లో చాటుగా మత్తుమందులమ్మే ఈ డార్క్‌నెట్ బజార్ల చరిత్ర సైట్‌లో రాయడం మొదలుపెట్టాను. ఏది ఎప్పుడు తెరిచారు, ఎవరు మూయించారు, అక్కడ కొన్న మాత్రలు మింగి ఎవరెవరు పోయారు. నేనూ నోలీనూ తప్ప ఇదంతా ఎవరు చదువుతార్లే అనుకునేవాణ్ణి.

ఎడారిలో ఉన్న ఊరు కూబర్ పీడీ, అక్కడ ఒక చుక్క ఉంది. రోజూ పొద్దున్నే వస్తుంది. 'పోయినవాళ్ళు' పేజీ ఒక్కటే తెరుస్తుంది. వెళ్ళిపోతుంది.

నోలీన్‌కి చెప్పలేదు. సైట్‌లో మొదటి వాక్యం తను రాసిందే. "మీరెవరో మేం అడగం. రాసుకోం." స్కూల్ లైబ్రరీలో పనిచేసినన్నాళ్ళూ ఏ పిల్ల ఏ పుస్తకం తీసుకెళ్ళిందో కన్నవాళ్ళకి కూడా చెప్పని మనిషి.

మే 12, శుక్రవారం

మెర్వ్ గార్‌ఫిష్ తెచ్చాడు. పక్కిల్లే. ఇద్దరం కలిసి పడవ కొన్నప్పటికి మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎప్పటిలాగే మా సింకులోనే చేపలు కడిగాడు, ఎప్పటిలాగే పొలుసులు గోడదాకా చిమ్మాడు, ఎప్పటిలాగే నోలీన్‌తో తిట్లు తిన్నాడు. తను బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళగానే కూర్చుని అసలు సంగతి ఎత్తాడు.

కేన్ గురించి. మెర్వ్ కొడుకు. రెండేళ్ళ కిందట వాడి మంచం కింద మత్తుమాత్రల పార్సిల్ దొరికితే పోలీసులకి ఫోన్ చేసింది మెర్వే. కోర్టులో జరిమానాతో బయటపడ్డాడు గానీ, ఆ సాయంత్రమే సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఫోన్ లేదు. వదిలేసి వెళ్ళిన కంప్యూటర్ తెరిస్తే ఇప్పటికీ మా సైటే వస్తుందట. వెళ్ళకముందు అదే చదువుతుండేవాడట.

"వాడు చూస్తున్నాడా, ఎక్కణ్ణుంచి చూస్తున్నాడు. అంతేరా ఆల్బీ. ఇంకేమీ వద్దు," అన్నాడు.

ఇల్లు వదలకముందు కేన్ కొన్నాళ్ళు ఓపల్ రాళ్ళ గనుల్లో పనిచేశాడు. కూబర్ పీడీలో. టీ కప్పు కింద పెట్టేశాను.

చూస్తాలే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మే 13, శనివారం

నోలీన్‌కి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఆ చుక్కవైపు తనూ చాలాసేపు చూసింది. కేన్‌కి చదవడం నేర్పింది తనే. వాడే అయితే బావుణ్ణని నాకూ ఉంది ఆల్బీ, అంది.

మళ్ళీ తనే అంది: "వాళ్ళ నాన్నకి దొరక్కూడదని వాడనుకుంటే? అది వాడి ఇష్టం కదా. మనం రాసుకోమని చెప్పాం. ఆ మాట నమ్మి వచ్చాడు."

వాడు కాకపోతే, అన్నాను. ఎవరైతేనేం, వాళ్ళూ నమ్మే వచ్చారు, అంది.

ఎవరొస్తున్నారో చూపే ఆ లెక్క ఆపేశాం. ఉన్నదంతా చెరిపేశాం. మౌస్ మీద నా చెయ్యి కదలకపోతే తన చెయ్యి పైన పెట్టి నొక్కింది. ఎన్నాళ్ళకి చెయ్యి పట్టుకున్నావు అన్నాను. నోర్ముయ్యి అంది.

మే 14, ఆదివారం

మెర్వ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. లెక్క ఒకటి కొన్నాళ్ళు ఉండింది, చెరిపేశాం, అని. లేదని అబద్ధమాడితే సరిపోయేది. వాడితో ఎప్పుడూ ఆడలేదు.

మెర్వ్ అరవలేదు. "ఉద్యోగమంతా ఊళ్ళోవాళ్ళ పార్సిళ్ళు విప్పి చూసినవాడివి. నా కొడుకు దగ్గరికొచ్చేసరికి నీకు నీతి గుర్తొచ్చిందిరా," అన్నాడు. వెనక గేటు తెరిచి వెళ్ళిపోయాడు. మూయలేదు.

మే 20, శనివారం

మెర్వ్ ఒక్కడే పడవ తోసుకెళ్ళాడు. కిటికీలోంచి చూశాను.

మే 23, మంగళవారం

నాకో ఆలోచన వచ్చింది. మెర్వ్ చెప్పాలనుకున్నది మెర్వ్‌నే చెప్పమందాం, 'పోయినవాళ్ళు' పేజీ మీద పెడదాం. నోలీన్ కళ్ళద్దాలు పైకి తోసి నావైపు చూసింది. ఆ ఒక్క పేజీ మీదే ఎందుకు, అంది. దొరికిపోయాను. చెరిపేసినదాన్ని తలలో దాచుకుని వాడుకుంటున్నావు, పెడితే అన్ని పేజీలమీదా పెట్టు, అంది. నవ్వుతూనే అంది.

మెర్వ్ షెడ్‌కి వెళ్ళాను. ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు. చెప్పాను. చాలాసేపు ఒక బోల్టునే తుడిచాడు. తర్వాత రాసుకో అన్నాడు. రాసుకున్నాను:

"నా పేరు మెర్వ్. ఊరు వయాలా. నా కొడుకు ఇది చదువుతుంటే: పోలీసులకి కాదురా నేను చెప్పాల్సింది. నీతో మాట్లాడాల్సింది. భయమేసింది. నా నంబరు మారలేదు."

నంబరు కూడా పెడదామా, కంటబడ్డ ప్రతివాడూ ఫోన్ చేస్తాడేమో, అన్నాను. చేస్తే చెయ్యనీ అన్నాడు. కొడుకు పేరు మాత్రం వద్దన్నాడు. అది తనకే తట్టింది.

జూన్ 4, ఆదివారం

మెర్వ్ ఫోన్ ఆగడం లేదు. ఎవరెవరో చేస్తున్నారు. అందరూ ఎవరో ఒకరి పిల్లలే. కెయిన్స్ నుంచి ఒకడు గంటసేపు ఏమీ చెప్పకుండా ఇంజన్ల గురించే మాట్లాడాడట. బ్రిస్బేన్ నుంచి ఒకమ్మాయి, మా నాన్న అయితే ఇలా రాయడు అని ఏడ్చిందట. వీడు ఆమెని ఊరుకోబెట్టడానికి గార్‌ఫిష్ ముళ్ళు ఎలా తీయాలో చెప్పాడట. అదంతా చెప్పడానికి ఈ పూట మా ఇంటికొచ్చాడు. మూడు వారాల తర్వాత. నోలీన్ ఇంకో కప్పు తీసింది.

కూబర్ పీడీ నుంచి ఒకావిడ చేసిందట. 'పోయినవాళ్ళు' పేజీలో ఆవిడ తమ్ముడి పేరుందట. రోజూ టీ తాగుతూ ఆ పేరు ఒకసారి చూసుకుంటుందట. ఇంకెక్కడా వాడి పేరు రాసి లేదు, రాసినవాళ్ళకి థాంక్స్ చెప్పండి, అందట.

నోలీన్ నావైపు చూసింది. నేను తనవైపు చూశాను. నేను నోరు జారి ఉంటే మెర్వ్ రాత్రికి రాత్రే ట్రక్కెక్కి ఆవిడ తలుపు కొట్టేవాడు, కొడుకు కోసం.

ఆ సంగతి వాడికి చెప్పలేదు. ఆవిడ కబురు మాకు చేరిందని చెప్పు, అన్నాను.

కేన్ నుంచి ఏమీ లేదు.

జూన్ 11, ఆదివారం

పొద్దున్నే మెర్వ్ చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు. కేన్ ఫోన్ చేశాడట. ఎక్కడున్నావని అడిగావా అంటే, అడగలేదన్నాడు. వాడు మాట్లాడుతుంటే వెనక కాకటూ చిలకలు అరుస్తున్నాయట. వాడున్నచోట కాకటూలున్నాయి ఆల్బీ, అన్నాడు. మా అరుగుమీద కూర్చుని ఆ మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఈ దేశంలో కాకటూలు లేనిదెక్కడ?