మల్లేశు పావురాలు

మంగళవారం, నందికొండ

మా తమ్ముడు మల్లేశుతోని నాకు యాష్టకొస్తాంది. తాతకు పక్షవాతం, బాపుకు పక్షవాతం. మొన్న దవాఖానల డాక్టరమ్మ మా ఇద్దరికీ చెప్పింది: "మీ ఇంట్ల ముప్పు ఎక్కువనే ఉంది. అందుకే మీరు నడవాలె. బీపీ గోళీలు మానకుండ రోజూ నడిస్తే ముప్పు తగ్గుతది." నేను కాలువ కట్ట మీద నడుస్తున్న. వాడు గొర్లను గూడ బండి మీద కూసొనే మేపుతాండు.

ఇయ్యాల వాళ్లింటికి పోతే వాకిట్ల కొత్త గూడు, అండ్ల పావురాలు.

"ఏందిర ఇవి?"

"మన నెత్తురులనే ఉన్నదాయె అక్కా, నడిస్తే పోతదా? పక్షవాతమొస్తే పావురం నెత్తురు రాస్తరు గద. ముందుగాల్నే తెచ్చిపెట్టుకున్న."

బాపు చెయ్యికి గదే రాసిండ్రు. ఆ చెయ్యి మళ్ల లేచిందా? దవాఖానకు తీస్కపోయే యాళ్ల దాటిపోయింది, గంతే.

కోపానికి గూడు తలుపు తీసిన. పావురాలన్నీ ఎగిరిపోయినయి. వాడు చెప్పులు గూడ ఏస్కోకుండ, ఒగర్చుకుంట, నన్ను తిట్టుకుంట, ఊరు బయటిదాక వాటి ఎంబడి నడిచిండు.

పొద్దుమీకి అన్నీ గూటికే వచ్చినయట. రేపు మళ్ల పోయి తలుపు తీస్త.