ఆమె పేరు పక్కన పచ్చ చుక్క

మార్చి 4

అల్లుడు ఫోన్ చేశాడు. పాత చాట్ మళ్లీ మొదలైందట. కంపెనీ ఎప్పుడో మూసేసిన దాన్ని ఎవరో సరదా కొద్దీ సొంత సర్వర్ పెట్టి నడుపుతున్నారట. మీరూ అత్తయ్యా పొద్దస్తమానం దాంట్లోనే ఉండేవాళ్లు కదా మామయ్యా, ఓసారి చూడండి అన్నాడు. అనేసి, నాలిక కరుచుకున్నట్టు ఆగిపోయాడు.

చూస్తానన్నాను.

మార్చి 5

ఇన్‌స్టాల్ చేశాను. అదే బూడిదరంగు విండో. మెసేజ్ వస్తే అదే టక్‌మనే చప్పుడు.

పాత అకౌంట్లేవీ లేవు. అందరూ కొత్తగా రిజిస్టర్ చేసుకోవాలి. ఏ పేరైనా ముందు ఎవరు తీసుకుంటే వాళ్లది.

చాట్‌లో మా ఆవిడ పేరు మిరపకాయ. పంపుల కంపెనీలో తను డిస్పాచ్, నేను పై అంతస్తులో డిజైన్. తన కోపం చూసి ఆఫీసువాళ్లు పెట్టిన పేరది. తనే దాన్ని ఐడీ చేసుకుంది. నా ఐడీ హాల్‌టికెట్ నంబర్‌లా ఉందని వెక్కిరించేది.

ఆ పేరు ఇంకెవరి చేతిలోనైనా పడిందేమోనని భయమేసింది. ఖాళీగానే ఉంది. నేనే తీసుకున్నాను.

మార్చి 6

తను పోయాక తన గదిలో కంప్యూటర్ ఆన్ చేయడం ఇదే మొదలు. తన పేరుతో లాగిన్ చేసి, హాల్లోకి వచ్చి నా లాప్‌టాప్‌లో నా పాత ఐడీతో చేరాను. తన పేరు పక్కన పచ్చ చుక్క.

చాలాసేపు చూశాను.

పెళ్లయ్యాక కూడా ఇలాగే మాట్లాడుకునేవాళ్లం. హాల్లో నేను, ఆ గదిలో తను. ఒకే ఇంట్లో ఉండి ఈ టకటకలేంటి, మీకు నోళ్లు పడిపోయాయా అని అమ్మాయి తిట్టేది. నాకు నోరు తక్కువ. మనసులో మాట వేళ్లకు వచ్చినంత సులువుగా పెదాలకు రాదు. తనూ నలుగురిలో మీరు అనేది. చాట్‌లో మాత్రం నువ్వు, కోపమొస్తే పోరా.

కాసేపటికి చుక్క పసుపైంది. మౌస్ కదలకపోతే మనిషి సీట్లో లేరని చూపిస్తుంది. వెళ్లి మౌస్ కదిపాను. వచ్చి చూస్తే పచ్చ.

మార్చి 7

మళ్లీ కదిపాను. మళ్లీ.

మార్చి 9

మరదలు ఫోన్ చేసింది. అల్లుడు చెబితే ఆమె కూడా చాట్‌లో చేరిందట. లిస్టులో అక్క పేరు వెలుగుతుంటే చేతిలో గ్లాసు జారిపోయిందట. ఏంటి బావగారూ ఈ పని, నా గుండె ఆగిపోయింది, మీకు ఆడుకోడానికి ఇదే దొరికిందా అని ఏడ్చింది. తీసేస్తానన్నాను. కాస్త తమాయించుకుని, మీరెలా ఉన్నారు అంది. బాగానే ఉన్నానన్నాను. ఎప్పుడడిగినా అదే రికార్డు వేస్తారు అని పెట్టేసింది.

మార్చి 10

తీసేయలేదు.

తీసేస్తే ఆ పేరు మళ్లీ ఎవరిదైనా కావచ్చు. కానీ మాటిచ్చాను. రేపు.

మార్చి 11, పొద్దున

తన కుర్చీలో కూర్చున్నాను. అకౌంట్ డిలీట్ చేసే పేజీ తెరిచాను. అంతలో టక్‌మంది. మరదలు. అక్క పేరుకే పంపింది.

అక్కా, బావగారు నిజంగా ఎలా ఉన్నారే, మాకు చెప్పరు అని.

అడుగుతున్నది నన్నేనని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. పేజీ మూసేశాను.

అదే రోజు, మధ్యాహ్నం

జవాబు రాశాను. మీ బావ ఏం బాగా లేడే.