రెండు గూళ్ళలో పడిన పేరు

చిరంజీవి సింధూరకు,

అక్క ఆశీస్సులు. వనస్థలిపురంలో అమ్మ, నాన్న, నేను కులాసాగానే ఉన్నాం. నీ దగ్గు తగ్గిందనుకుంటాను. అమ్మ నిమ్మకాయ పచ్చడి పంపుతోంది, హాస్టల్ వార్డెన్‌కు ముందే చెప్పి ఉంచు.

ఆఫీసులో ఏం రాస్తావని అడిగావు. ఎల్బీనగర్‌లోని మా ల్యాబులో రక్తపరీక్షల ఫలితాలను రోజూ పొద్దున్నే ఫోన్లకు పంపే షెల్ స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌లో షెల్ అనే ప్రోగ్రాం చదివి నడిపే ఆజ్ఞల వరుస, నాదే. అందులో రెండు అర్రేలున్నాయి. అర్రే అంటే వరుసగా నంబర్లు వేసిన గూళ్ళు. ఒకదాంట్లో పేర్లు, ఇంకోదాంట్లో ఫోన్ నంబర్లు. ఇక్కడ అయిదో గూటి మనిషి ఫలితం అక్కడ అయిదో గూటి నంబరుకు వెళ్తుంది. పేర్ల ఫైలును బ్రాకెట్ల మధ్య పెట్టి నేను ఆ గూళ్ళను నింపాను. అలా నింపితే, మాటకూ మాటకూ మధ్య ఖాళీ కనిపించిన ప్రతిచోటా షెల్ కొత్త గూడు మొదలుపెడుతుంది. అప్పటిదాకా అన్నీ ఒక్క మాట పేర్లే కాబట్టి నడిచిపోయింది.

కిందటి సోమవారం ఇద్దరు లచ్చయ్యలు వచ్చారు. తేడా తెలియాలని కౌంటర్లో రమ్య ఒకరి పేరు ఇంటిపేరుతో కలిపి ‘కావలి లచ్చయ్య’ అని రాసింది. అది రెండు గూళ్ళలో పడింది. అక్కణ్ణుంచి పదకొండు మంది ఫలితాలు ఒక గూడు జరిగి, మంగళవారం పక్కవాళ్ళ ఫోన్లకు వెళ్ళాయి. మెసేజీలో పేరుండదు. ఆ లచ్చయ్య గారి కిడ్నీలు పాడయ్యాయన్న కబురు, వరుసలో ఆయన తర్వాత ఉన్న చంపాపేట్ కిష్టమ్మ గారికి చేరింది.

మధ్యాహ్నం నేనే వెళ్ళి పొరపాటని చెప్పాను. ఇంటినిండా చుట్టాలు. ఆవిడ అంతా విని, “నాది గాదా? మరి గీ రోగం ఎవలిది బిడ్డా? ఆయనకు చెప్పిండ్రా?” అంది. చెప్పామన్నాను. లచ్చయ్య గారు ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేరారు, ఇప్పుడు కోలుకుంటున్నారు.

నీకు చెప్పాల్సింది ఇంకొకటుంది. ఆ మంగళవారమే మేనేజర్ దశరథ గారు రమ్యను నిలబెట్టి, “పేరు మార్చి రాయమని నీకెవరు చెప్పిండ్రు? రేపట్నుంచి రావొద్దు” అన్నారు. తప్పు నా స్క్రిప్టుదని నాకప్పటికే తెలుసు. తల దించుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఫైల్లో ఒక్కో పేరున్న పంక్తికి ఒక్క గూడే వచ్చేలా సరిచేశాను, ఎవరికీ చెప్పకుండా.

గురువారం చూస్తే రమ్య చున్నీ కౌంటర్ కుర్చీకి అలాగే వేలాడుతోంది. దశరథ గారి గదిలోకి వెళ్ళి చెప్పేశాను. నా ప్రమోషన్ ఆపారు, రమ్యను మళ్ళీ పిలిచారు.

ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల దగ్గర ఆమెను క్షమించమని అడిగాను.

“తప్పు అందరు చేస్తరక్కా. ఎరుకుండి రెండు దినాలు ఎట్ల ఊకున్నవ్?” అంది.

నువ్వూ అదే అడుగుతావని తెలిసే రాస్తున్నాను.

ఇట్లు,
మీ అక్క
తన్మయి