గట్టు మీద ఒక్క బతుకమ్మ

బాన్సువాడ,
3 అక్టోబరు 2025

ప్రియమైన సుజనకు,

హేమలత రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అలా రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను, నమ్మకు. నువ్వూ, కొడుకు అఖిలేశ్, కోడలూ రుద్రూర్‌లో నిజంగానే క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఈ కాలంలో ఉత్తరమేంది అని నవ్వుతావేమో. ఊరు విడిచిన ఈ ఆరు నెలల్లో నా ఫోన్ ఒక్కసారి ఎత్తావా తల్లీ? ఉత్తరమైతే పోస్ట్‌మన్ చేతిలో పెట్టి పోతాడు, తప్పించుకోలేవు.

మా పొలం గట్టున గునుగు ఈసారి విరగబూసింది. కోస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. నలుగురిలో నన్ను పటేలమ్మా అనేదానివి, పూల దగ్గర మాత్రం ఏమే హేమా అనేదానివి. మూడేండ్ల కింద అక్కడే కదా నేనన్నది, రేపు సద్దులకు నీ బతుకమ్మ తెచ్చి నా దాని పక్కన పెట్టు, ఎవరేమంటరో చూద్దాం అని. అనడానికేం, నోరే కదా.

కాలువ గట్టు మీద మోరీ తూముకు ఇవతల మేము, అవతల మీ దళితవాడ ఆడవాళ్లు. గీత ఎవరూ గీయలేదు, అయినా చిన్నపిల్లలకు కూడా తెలుసు అదెక్కడుందో. నువ్వు మోరీ దాటి వచ్చి నా పక్కన దించావు. మావాళ్లు తమవి ఎత్తుకుని దూరం జరిగారు. నేనూ జరిగాను. నువ్వొక్కదానివే వంగి చప్పట్లు కొడుతూ, నువ్వే పాడి, నువ్వే ఉయ్యాలో అనుకుంటూ పాటంతా పూర్తి చేశావు. మరుసటి ఏడూ వచ్చావు. ఆపై ఏడూ వచ్చావు. మూడుసార్లూ ఒక్కదానివే.

ఆ మొదటిసారి తెల్లారి పొలంలో కలిసినప్పుడు, మీ అత్త ముందట నువ్వేం చేస్తవ్ తియ్ హేమా అన్నావు. నేను తలూపాను.

మొన్న నువ్వు లేవు. పీడ వదిలిందని మావాళ్లు నవ్వుకుంటుండగానే మీ అన్న బిడ్డ సహజ మోరీ దాటి వచ్చింది, వెనక ఇంకో ముగ్గురు పిల్లలు. మావాళ్లు మళ్లీ జరిగారు. నా చేతులూ బతుకమ్మ దాకా పోయాయి సుజనా, అబద్ధమెందుకు. నీ ఒంటి ఉయ్యాలో చెవిలో పడ్డట్టయింది. చేతులు కొంగులో చుట్టుకుని నిలబడిపోయాను. ఐదుగురం ఆడాం. నా గొంతు నీకు తెలిసిందే, కాలువలో కప్పలు నయం.

ఇంటికొచ్చాక మా అత్త లక్ష్మవ్వ, గిదేం పనే, ఇంటి ఇజ్జత్ కాలువల కలిపినవ్ అన్నది. అంతే, మళ్లీ మాట లేదు. పక్కింటి రాధాకుమారికి సత్తుపిండి ఇవ్వబోతే ఉపాసమున్నానంది. సద్దుల తెల్లారి ఏం ఉపాసమో! డబ్బా అలాగే వంటింట్లో ఉంది. ఇంట్లో మిక్సీ తప్ప నాతో మాట్లాడేవాళ్లు లేరు. మూడు రోజులకే నాకు ఏడుపొస్తోంది. నువ్వు మూడేండ్లు ఎట్లా ఓర్చావే?

నీ
హేమ

తా.క.: ఇది మరిచిపోయి కింద రాస్తున్నది కాదు, పైన రాసే ధైర్యం లేక. ఆ మొదటి ఏడు ముందుగా బతుకమ్మ లేపింది మా అత్త కాదు. నేను. నువ్వు అగరొత్తులు వెలిగిస్తూ అటు తిరిగి ఉన్నావు. మా అత్త ఏం చేయాలో తెలియక ఇంకా చూస్తూనే ఉంది. నన్ను చూశాకే అందరూ లేపారు. మొన్న ఆట అయ్యాక సహజకు ఇది చెప్పి ఏడ్చాను. ఆ పిల్ల మెల్లగా, మా మేనత్తకు ఎరికే ఆంటీ, మీ గాజుల సప్పుడు ఇన్నదట అన్నది.

తెలిసే పొలంలో ఆ మాట అన్నావా? తిట్టడానికైనా ఒక్కసారి ఫోన్ ఎత్తవే.