కొవ్వు లేని సీసా

మార్చి 5, 2003. భస్మ బుధవారం
ఈస్టర్ దాకా నూనె బంద్! నాకూ, నా ఈస్టుకూ!
కాలేజీలో ఈస్టుని వెచ్చగా ఉంచే పెట్టె చెడిపోయిందని సీసాలు రెండూ ఇంటికే తెచ్చా. పెరగడానికి మా నల్లపాడు ఎండ వేడి చాలు. ఒకదాంట్లో చుక్క కొవ్వు వేశా, రెండోదాంట్లో సున్నా. ఈ రకం ఈస్టుకి సొంతంగా కొవ్వు తయారుచేసుకోవడం రాదు. పిల్ల కణం పుట్టాలంటే చుట్టూ పొర కావాలి. పొరకి కొవ్వు కావాలి. అంచేత రెండో సీసా తేటగానే ఉండాలి. వచ్చే బుధవారం జయరావు సర్ చూస్తారు. మబ్బు పట్టిందా, నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు గంగలో కలిసినట్టే.
అమ్మ: "సీసాకి కూడా ఉపవాసం ఏందే?"

గురువారం
ఉడకబెట్టిన సొరకాయ. ఒళ్ళు ఎంత తేలిగ్గా ఉందో! మొదటి సీసా మజ్జిగలా అయింది. రెండోది మంచినీళ్ళే. శభాష్ తల్లీ!

శుక్రవారం
మళ్ళీ సొరకాయ. ఛీ.
ఆవకాయలో నూనె పైన తేలుతుంది. ముక్క కిందుంటుంది. కడిగి తిన్నా. సగం కడిగి.

ఆదివారం
శ్రమకాలంలో, అదే ఈస్టర్ ముందు ఈ ఉపవాసాల్లో, ఆదివారాలు లెక్కలోకి రావట! పాస్టరుగారే చెప్పారు. దేవుడు దయగలవాడు!
చర్చి నుంచి వస్తుంటే స్టేషన్ దగ్గర సిలార్ బజ్జీల బండి. "పాపా, వేడివేడిగా నాలుగు వెయ్యమంటావా?" ఆరు వేయించుకుని, తింటూ ఇంటికొచ్చా. రాగానే సీసా మూత తీసి చూశా. తేటగా ఉంది నా బంగారం.

సోమవారం
నిన్నటి బజ్జీ ఒకటి మిగిలింది. తిండి పారేస్తే పాపం కదా.

మంగళవారం
ఘోరం! రెండో సీసా మబ్బు పట్టింది!
"నువ్వే జాలిపడి నూనె పోశావు కదూ!" అని అమ్మ మీద అరిచా. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అన్నం కూడా తినలేదు.

బుధవారం
జయరావు సర్ మైక్రోస్కోపులో చూశారు. ప్రతి కణమూ మొగ్గ తొడిగి పిల్ల కణాన్ని పుట్టిస్తోందట.
"దీనికి కొవ్వు ఎక్కడ్నుంచి వచ్చిందమ్మా?"
మూత తిప్పి చూపించారు. లోపలి అంచున జిడ్డు వేలిముద్రలు. పక్కనే శనగపిండి తునక. తల కొట్టేసినట్టయింది. ఏడ్చేశా.
"ఆదివారం కదా సర్, లెక్కలోకి రాదనుకున్నా..."
"ఈస్టుకి ఆదివారాలుండవమ్మా. పోయి మళ్ళీ చెయ్యి."
ఇంటికొచ్చి అమ్మ చేతులు పట్టుకుని తప్పయిందన్నా.
"కొవ్వెక్కింది సీసాకి కాదే, నీకు!" అంది. అని, ఆవకాయ అన్నం కలిపి ముద్దలు పెట్టింది. నూనె వేసే కలిపింది. కాదనలేకపోయా.
కొత్త సీసాలు సిద్ధం. అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది. రేపట్నుంచి నూనె బంద్! నాకూ, నా ఈస్టుకూ!
ఆదివారానికి ఇంక నాలుగు రోజులే.